'తో' లేని స్నేహం



పోయిన సంచిక చేరిన పది రోజులకు హోసూరు నుంచి ఒక పాఠకురాలు పోస్టుకార్డు రాశారు. ఎనిమిదో తరగతి చదివే ఆవిడ మనవడి ఇంగ్లీషు పాఠంలో ఒక కథ ఉందట. తల్లీ తండ్రీ లేక ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఒక ముసలాయన 'బిఫ్రెండ్' చేశాడని అందులో ఒక వాక్యం. "తెలుగులో చెప్పరా అంటే 'ముసలాయన కుర్రాడితో స్నేహం చేశాడు' అన్నాడు. మా కోడలు సరిగ్గానే చెప్పాడంటుంది. నాకేమో ఎక్కడో ఉప్పు తక్కువైనట్టుంది. ఫ్రెండుకు ముందు ఆ 'బి' ఎందుకొచ్చిందో మీరే తేల్చండి" అని ఆవిడ ఆజ్ఞ.

అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పేటంత ధైర్యం బ్యాంకు ఆఫీసర్లకు ఉండదు. పైగా నేను బి.కాం. చదివినవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి. కానీ ప్రశ్న మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకు పట్టనివ్వలేదో చివర్లో చెబుతాను. ముందు మాట సంగతి చూద్దాం.

ఇంగ్లీషువాళ్ళ పాత భాషలో 'ఫ్రేయోగన్' అని ఒక క్రియ ఉండేది. ప్రేమించడం అని అర్థం. ప్రేమించేవాడు 'ఫ్రేయోండ్'. అదే నోళ్ళలో నలిగి నలిగి ఫ్రెండ్ అయింది. మనం 'వచ్చేవాడు', 'చేసేవాడు' అంటామే, అలాంటి మాటన్నమాట. దీనికి సరిగ్గా ఎదురుగా ద్వేషించేవాడికి 'ఫేయోండ్' అనేవారు. అది నేటి 'ఫీండ్', అంటే పిశాచం. ఫ్రెండుకూ పిశాచానికీ మధ్య ఒక్క 'ర'కారం అడ్డు, చూశారా!

ఇంకా లోతుకు వెళ్తే మనకు తెలిసిన ముఖమే కనిపిస్తుంది. ఈ ఫ్రెండూ మన సంస్కృతంలోని 'ప్రియ' శబ్దమూ ఒకే వేరు నుంచి వచ్చినవి. సంస్కృతంలో 'ప'కారం ఉన్నచోట ఇంగ్లీషులో తరచు 'ఫ'కారం ఉంటుంది. పితృ - ఫాదర్, పాదం - ఫుట్, పంచ - ఫైవ్. అదే వరసలో ప్రియ - ఫ్రెండ్. మన శుక్రవారానికి వాళ్ళ ఫ్రైడే అనే పేరు కూడా ఈ కుటుంబంలోదే. ఫ్రిగ్ అనే దేవత పేరు మీద పెట్టుకున్నారు. ఆ పేరుకూ ప్రేమే మూలం.

ఇక 'బి'. ఇది 'బై' అనే మాటకు దగ్గరి చుట్టం. పక్కన, చుట్టూ అనే అర్థం దీనిలో దాగి ఉంది. ఒక నామవాచకానికో విశేషణానికో దీన్ని తగిలిస్తే అది క్రియ అవుతుంది. ఆ క్రియ ఊరికే ఉండదు, ఎదుటివాడి మీదికి వెళ్ళి వాలుతుంది. విచ్ అంటే మంత్రగత్తె, బివిచ్ అంటే ఒకరి మీద మంత్రం వేయడం. లిటిల్ అంటే చిన్నది, బిలిటిల్ అంటే ఒకరిని చిన్నచేయడం. ఈ మాటను మొదట వాడినవాడు అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్, 1780లలో. అదే 'బి' హెడ్డుకు తగిలిస్తే మాత్రం తల తీసేయడం అవుతుంది. ఫ్రెండుకు చేరితే ఒక మనిషి దొరుకుతాడు, హెడ్డుకు చేరితే ఉన్న తల పోతుంది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల మీద నాకు జాలి అందుకే.

బిఫ్రెండ్ అనే క్రియ 1550లలో వాడుకలోకి వచ్చింది. అంటే మన దగ్గర విజయనగర రాజ్యం ఇంకా నిలిచి ఉన్న కాలం. అప్పటి అర్థం స్నేహం కలుపుకోవడం కాదు. ఒకరికి స్నేహితుడు చేయవలసిన పని చేయడం, అంటే ఆదుకోవడం. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ మాటకు ఇచ్చిన అర్థాలన్నీ దయ చూపడం, ఉపకారం చేయడం, అండగా నిలవడం అనే దారిలోనే ఉన్నాయి. పరిచయం పెంచుకోవడం అనే అర్థం తరవాత బలపడింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఫ్రెండ్ అనే మాటను 'బి' లేకుండానే క్రియగా వాడటం చూసి నా వయసువాళ్ళు చాలామంది, ఇదంతా 2004లో వచ్చిన ఫేస్‌బుక్కు చేసిన పాడు అనుకుంటారు. పాపం దానికేమీ తెలియదు. అలా వాడటం 1200 ప్రాంతం నుంచీ ఉంది. అన్‌ఫ్రెండ్ కూడా కొత్తది కాదు. థామస్ ఫుల్లర్ అనే మతాచార్యుడు 1659లోనే వాడాడు. ఆ సంగతి తెలియనట్టే 2009లో ఒక ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మేటి మాటగా ఎంచి దండ వేసింది.

ఇప్పుడు పోస్టుకార్డు దగ్గరికి వద్దాం. తెలుగులో స్నేహం చేయాలంటే 'తో' కావాలి. వాడితో, ఆవిడతో, వాళ్ళతో. 'తో' అనగానే ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడినట్టే. పెళ్ళిలో సప్తపది చూస్తాం కదా, ఏడడుగులు కలిసి నడిస్తే కుదిరే స్నేహాన్ని సంస్కృతంలో 'సాప్తపదీనం' అంటారు. ఆ మాట ఎలా పుట్టిందో పాణిని వ్యాకరణంలోనే ఉంది. అంటే ఇద్దరూ నడవాలి. ఒకడు నడిచి ఇంకొకడు కూర్చుంటే లెక్క కుదరదు. మా కామర్సువాళ్ళ భాషలో చెప్పాలంటే అది డబుల్ ఎంట్రీ. ఇటు డెబిట్టు రాస్తే అటు క్రెడిట్టు పడాలి.

బిఫ్రెండ్ అలా కాదు. దానికి 'తో' అక్కరలేదు. 'ని' చాలు. ఒకడు చేస్తాడు, ఇంకొకడికి జరుగుతుంది. కాబట్టి మనవడు చెప్పిన వాక్యం తప్పు కాకపోయినా, అమ్మగారికి ఉప్పు తక్కువైన చోటు ఇదే. ఆ ముసలాయన దిక్కులేని కుర్రాడితో సమానంగా జట్టు కట్టలేదు. అతన్ని 'చేరదీశాడు'. ఎంత చక్కని మాట! దూరంగా నిలబడ్డవాణ్ణి చేయి చాపి దగ్గరికి లాగినట్టు కనిపిస్తుంది. 1550ల నాటి బిఫ్రెండుకు ఇంతకంటే సరిపోయే తెలుగు నాకు దొరకలేదు.

అయితే తెలుగులో 'ని'తో వచ్చేది ఇంకొకటి ఉంది. 'మచ్చిక చేసుకోవడం.' కుక్కపిల్లను మచ్చిక చేసుకుంటాం, కొత్తగా వచ్చిన తహసీల్దారును మచ్చిక చేసుకుంటారు. చేసేదంతా చూడ్డానికి చేరదీసినట్టే ఉంటుంది. పలకరింపు, తాయిలం, ఒంట్లో ఎలా ఉందని ఆరా. కానీ ఆ 'కోవడం' దగ్గర ఉంది కిటుకంతా. ఫలం తనకు. ఇంగ్లీషులో ఈ రెంటికీ బిఫ్రెండ్ ఒక్కటే. మనం రెంటినీ వేరువేరు డబ్బాల్లో పోసి పెట్టుకున్నాం.

మహాభారతంలో అస్త్రవిద్యా ప్రదర్శన రోజున, నీ కులమేదని అడిగితే తల వంచుకున్న కర్ణుడికి దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం కట్టబెట్టాడు. బదులుగా నీకేం కావాలని కర్ణుడడిగితే, నీ స్నేహమే కావాలన్నాడు. చేరదీశాడా, మచ్చిక చేసుకున్నాడా? నేను చిన్నప్పుడు మొదటిదే అనుకునేవాణ్ణి. బ్యాంకులో చేరాక రెండోదనిపించింది. ఇప్పుడు రెండూ అనిపిస్తోంది. కర్ణుడు మాత్రం తన ఖాతాలో దాన్ని అప్పుగా రాసుకుని ప్రాణంతో తీర్చాడు.

మా ధర్మపురి ప్రాంతానికి ఈ విషయంలో ఇంకా పాత కథ ఉంది. ధర్మపురి పాత పేరు తగడూరు. సంఘకాలంలో దాన్ని ఏలినవాడు అదియమాన్ నెడుమాన్ అంజి. ధర్మపురి దగ్గరి అదియమాన్‌కోట్టై ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. ఆయన ఆస్థానంలో ఆదరణ పొందిన కవయిత్రి అవ్వైయార్. (పిల్లలకు నీతివాక్యాలు రాసిన అవ్వైయార్ తరవాతి కాలపు వేరొకావిడ. తమిళంలో ఆ పేరుతో ఒకరికంటే ఎక్కువమందే ఉన్నారు.) తిన్నవారికి దీర్ఘాయుష్షు ఇచ్చే అరుదైన ఉసిరికాయ అదియమానుకు దొరికింది. రాజు గదా, తాను తినవచ్చు. తినకుండా, దాని మహిమ ఏమిటో చెప్పకుండా అవ్వకు ఇచ్చాడు. ఆవిడ తిన్నాక తెలిసింది. ఆ ఉసిరికాయను పాడిన ఆవిడ పద్యం పురనానూరు సంకలనంలో ఉంది. నాకు నచ్చేది ఆ చెప్పకపోవడం. చెప్పి ఇచ్చి ఉంటే అవ్వ వద్దనేది, లేదా జన్మంతా బాకీ పడేది. తరవాత ఆవిడే తొండైమాను దగ్గరికి అదియమాను తరఫున రాయబారిగా వెళ్ళింది. చేరదీయడంతో మొదలైంది 'తో' దాకా నడిచిందన్నమాట.

తమిళంలో స్నేహానికి 'నట్పు' అంటారని ఇక్కడ ఉన్న మనందరికీ తెలుసు. దానికి మూలంగా పాత తమిళంలో 'నళ్' అని ఒక చిన్న క్రియ ఉండేది. దగ్గరవడం, స్నేహం కట్టడం అని అర్థం. ఇప్పుడు వాడుకలో లేదు. తిరుక్కురళ్‌లో స్నేహం చుట్టూ 79 నుంచి 83 దాకా ఐదు అధ్యాయాలున్నాయి. మొదటిది స్నేహం మీద. రెండోదే, స్నేహితుణ్ణి ఎలా పరీక్షించి ఎంచుకోవాలి అని! ఆఖరి రెండూ చెడ్డ స్నేహం మీదా, లోపల స్నేహం లేని స్నేహం మీదా. ఐదింట మూడు జాగ్రత్తలే. ఆ పెద్దాయన బ్యాంకులో పనిచేయవలసినవాడని నేను మా బ్రాంచిలో అంటుంటాను.

పెద్దవాళ్ళు ఇంత అవస్థ పడుతుంటే పిల్లలు రెండు మాటల్లో తేల్చేశారు. కారిమంగళం వీధుల్లో తెలుగు ఇళ్ళ పిల్లలూ తమిళ ఇళ్ళ పిల్లలూ కలిసే ఆడుకుంటారు. కోపమొస్తే 'కాయ్' అంటారు, రాజీ పడితే 'పళం' అంటారు. కాయ అంటే మాటల్లేవు, పండు అంటే మళ్ళీ జత. అటు మా చిత్తూరు బంధువుల పిల్లలు 'పచ్చి' అంటారు. అదీ పండనిదే! చుట్టూ మామిడితోటలున్న సీమలో స్నేహానికి ఇంతకంటే మంచి కొలత ఏముంటుంది? పైగా కాయ పండడానికి కొంత ఓపిక పడితే చాలునని ఆ మాటలోనే ఉంది.

బిఫ్రెండ్ అనే మాటకు 20వ శతాబ్దంలో ఒక గౌరవం దక్కింది. అది చాలామందికి తెలియదు. లండన్‌లో చాడ్ వారా అనే చర్చి పురోహితుడు, బతుకు మీద విరక్తి కలిగినవాళ్ళు ప్రాణం తీసుకోకముందు తనకు ఫోను చేయవచ్చని 1953లో ఒక సేవ మొదలుపెట్టాడు. అదే సమారిటన్స్ సంస్థ. జనం ఫోను చేయడమే కాదు, నేరుగా కూడా వచ్చేవారు. ఆయన లోపల ఒకరితో మాట్లాడుతుంటే మిగతావాళ్ళు బయట వేచి ఉండేవారు. సాయానికి వచ్చిన మామూలు మనుషులు కొందరు వాళ్ళకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని, చెప్పింది వినేవారు. కొన్నాళ్ళకు ఆయన ఒక వింత గమనించాడు. చాలామంది తనను చూడకుండానే, బయట కూర్చున్నవాళ్ళతో మాట్లాడి తేలికపడి ఇంటికి వెళ్ళిపోతున్నారు! 1954లో ఆ పని మొత్తం ఆ మామూలు మనుషులకే అప్పగించేశాడు. సలహాలివ్వకుండా, నీతులు చెప్పకుండా, పక్కన కూర్చుని వినే ఆ పనికి పెట్టిన పేరే 'బిఫ్రెండింగ్'. 1974లో అది బిఫ్రెండర్స్ అనే పేరుతో దేశదేశాలకు పాకింది.

చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారు ఇదే దారిలో ఒక సంస్థను స్థాపించారు. దాని పేరు 'స్నేహ'. సంస్కృతంలో స్నేహం అంటే జిడ్డు, నూనె అనే అర్థం కూడా ఉంది. ఆయుర్వేద వైద్యులు నూనె పట్టించే చికిత్సను స్నేహనం అంటారు. ఎండి బిగుసుకున్న కీలుకు నూనె ఏం చేస్తుందో అక్కడి వాలంటీర్లు మనిషికి అదే చేస్తున్నారు. అన్నట్టు, 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ అనే సేవ కూడా నడుపుతోంది. నంబరు 14416. మనసు బాగాలేనివాళ్ళు మన భాషల్లోనే మాట్లాడవచ్చు. డైరీలో రాసిపెట్టుకోండి.

ఇంత పెద్ద మాటను ఇప్పుడు పేపర్లు ఎక్కడ వాడుతున్నాయో చూడండి. ఇంగ్లీషు పేపరులో మూడో పేజీ తిప్పితే, ఫలానా వృద్ధుణ్ణి ఫోనులో 'బిఫ్రెండ్' చేసి ఇన్ని లక్షలు కాజేశారని వార్త. మా శిక్షణ తరగతిలోనూ ఒకసారి, బ్యాంకు పేరెందుకు లెండి, కస్టమర్‌ను బిఫ్రెండ్ చేయండి అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. బాగుందే అనుకున్నాను. తరవాతి గంటలో, అలా బిఫ్రెండ్ చేసిన వృద్ధులకు ఈ మూడు నెలల్లో ఎన్ని బీమా పాలసీలు అంటగట్టాలో లెక్క ఇచ్చారు. 'మచ్చిక' అని తెలుగులో రాసి ఉంటే అనుమానం ఉండేది కాదు.

నాకు నిద్ర పట్టని సంగతి ఇదిగో. కిందటేడు ఒక మంగళవారం, డెబ్బై దాటిన ఒక అయివారు మా బ్రాంచికి వచ్చారు. బడిపంతులుగా రిటైరయ్యారు. భార్య పోయింది, కొడుకులు బెంగళూరులో. చేతిలో ఆరు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు. గడువుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఇప్పుడే తీసేయాలన్నారు. వడ్డీ నష్టపోతారని చెప్పినా వినలేదు. "ఆస్పత్రి ఖర్చా అయివారూ?" అని కౌంటర్లో ఉన్న అమ్మాయి అడిగింది. కాదు. పెళ్ళా? కాదు. ఆ అమ్మాయి కంప్యూటరు నెమ్మదిగా ఉందని చెప్పి, ఆయన్ను కూర్చోబెట్టి, అటెండరు చేత టీ తెప్పించింది. కంప్యూటరు ఆ రోజు బాగానే ఉంది.

టీ అయ్యేలోపు విషయం బయటపడింది. ఫోనులో ఒక స్నేహితురాలు. నాలుగు నెలలుగా పొద్దున్నే శుభోదయం, మధ్యాహ్నం భోజనమైందా, రాత్రి మాత్ర వేసుకున్నారా అని సందేశాలు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ చెప్పిన యాప్‌లో షేర్ల కోసం అప్పటికే ఎనభై వేలు పంపారు. తెర మీద అది రెండు లక్షలైనట్టు కనిపిస్తోంది. ఇప్పుడు ఆరు లక్షలు పెడితే పన్నెండు. నేను పక్కన కూర్చుని, అది మోసమని మెల్లగా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. లేచి నిలబడి అన్నమాట ఇది: "మీకేం తెలుసు సార్? తిన్నావా అని నన్ను రోజూ అడిగేది ఆవిడొక్కతే."

దానికి జవాబు ఏ సర్క్యులర్లోనూ లేదు. మచ్చిక చేసుకునేవాడికి ఎవరికి ఆకలిగా ఉందో ఖచ్చితంగా తెలుసు. చేరదీయవలసినవాళ్ళకే తెలియదు.

మధ్యాహ్నానికి పెద్ద కొడుకు ఫోనులో దొరికాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఆయన చేతే చేయించాం. ఆరు లక్షలు కదలలేదు. ఎనభై వేలలో పదకొండు వేలు ఎక్కడో ఆగి ఉంటే వెనక్కి వచ్చాయి. మిగతాది రాలేదు. రెండు నెలలు ఆయన మా గుమ్మం తొక్కలేదు. పింఛను కూడా ఏటీఎంలోనే తీసుకున్నారట.

తరవాత ఒక మంగళవారం సంతకు వచ్చి, చేతిసంచీతో లోపలికి వచ్చారు. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించాలన్నారు. వేయించాక కూడా వెళ్ళలేదు, ఫ్యాను కింద కూర్చున్నారు. అప్పటినుంచి దాదాపు ప్రతి మంగళవారం వస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి తెలుగు చదవడం రాదు. మాట్లాడతాడు గానీ అక్షరాలు తెలియవు, మన వాళ్ళలో ఇక్కడ చాలామంది అంతే. కస్టమర్లు లేని వేళ చూసి, పాడైపోయిన విత్‌డ్రాయల్ ఫారాల వెనక అయివారు వాడికి గుణింతం రాయిస్తున్నారు. పోయినవారం 'క' గుణింతం పూర్తయింది. కౌంటర్లో అమ్మాయి ఆయన్ను చూడగానే "తిన్నారా అయివారూ?" అంటుంది. ఆయన ఈమధ్య జవాబు చెప్పడం మాని, "నువ్వు తిన్నావామ్మా?" అని ఎదురడుగుతున్నారు.